మూడో అంకం తెలియని తల్లి

వేషం వేసుకుని పెట్టిన దండం దేవుడికి చేరుతుందా, లేక తెర దగ్గరే ఆగిపోతుందా అన్న అనుమానం ఆమెకు చాలా ఏళ్లుగా ఉంది. ఎవరినీ అడగలేదు. నవ్వుతారని కాదు. చేరుతుందని ఎవరైనా గట్టిగా చెబితే ఆ తర్వాత ఏం చేయాలో ఆమెకు తెలియదు. అందుకని, గొంతు కోసం నాలుక కింద లవంగం పెట్టుకున్నట్టు, ఆ అనుమానాన్ని అక్కడే ఉంచుకుని దాని ఘాటుకి అలవాటు పడిపోయింది.

ఆమె ఒపెరా గాయని. ఆ నాటకాల్లో మొదటి నుంచి చివరిదాకా అంతా పాటే. మంచినీళ్లు అడగాలన్నా రాగం తీసే అడగాలి. ఆమెది బరువైన గొంతు. సన్నని గొంతులకి ప్రేమించే వేషాలు దక్కుతాయి, బరువు గొంతులకి పెంచే వేషాలు దక్కుతాయి. పెళ్లి కాకముందు నుంచే ఆమె తల్లి వేషాలు కట్టింది. రాజుల తల్లి, దొంగల తల్లి, ఒకసారి దయ్యానికి కూడా తల్లి. నాటకశాలలో అందరూ ఆమెను అందరమ్మ అనేవారు. ఇప్పుడు ఆమె కొడుకుగా పాడే ఆయన వయసులో ఆమెకన్నా పెద్ద. తెర వెనక పక్కన కూర్చుని, "అమ్మా, మోకాళ్ల నొప్పికి నువ్వేం రాస్తున్నావు?" అని అడుగుతుంటాడు.

అందరమ్మకి పేరు తెచ్చిన పాట ఒక పడవవాడి కథలోది. ఏరు పొంగుతుంది. అవతలి ఒడ్డున చిక్కుకున్నవాళ్లని తీసుకురావడానికి కొడుకు చిన్న పడవేసుకుని వెళతాడు. రెండో అంకం చివర తల్లి ఇంట్లో ఒంటరిగా కూర్చుని దేవుణ్ని వేడుకుంటుంది.

నీళ్లు పెరుగుతున్నాయి దేవా, గట్టు కనబడటం లేదు. వాడి పడవ చిన్నది, వాడి భుజం చిన్నది. తలుపు తెరిచే ఉంచాను. తలుపు తెరిచే ఉంచాను. తలుపు తెరిచే ఉంచాను.

అంతే పాట. మూడో అంకంలో తెర లేచేసరికి ఖాళీ పడవ ఒడ్డుకి కొట్టుకొచ్చి ఉంటుంది.

చిక్కంతా అక్కడే ఉంది. ఇంట్లో అన్నం తినేముందు, నిద్రపోయేముందు దేవుణ్ని తలవకుండా ఉండని మనిషి ఆమె. అలాంటిది రంగస్థలం మీద మోకరిల్లిన ప్రతిసారీ కుదరదని ముందే రాసిపెట్టి ఉన్న కోరికని అడగాల్సి వచ్చేది. చాలాకాలం దాన్ని పట్టించుకోలేదు. ఒకసారి కూతురికి జ్వరం బాగా ముదిరి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఆట మానడానికి వీల్లేక వచ్చింది. దారి పొడుగునా కూతురి కోసం దండం పెట్టుకుంది. తర్వాత రంగు పూసుకుని పడవవాడి కోసం దండం పెట్టింది. పాట సగంలో ఉండగా ఒక సంగతి తట్టింది. పైన వినేవాడికి రెండూ ఒకే గొంతులో వినిపిస్తున్నాయి కదా. ఒకదానికి 'లేదు' అన్న జవాబు ముందే రాసి ఉంది. ఆ జవాబు పొరపాటున దీనికి తగిలితే?

కూతురు కోలుకుంది. ఇప్పుడు దానికే ఉద్యోగం, సంసారం. కానీ ఆనాటి నుంచి అందరమ్మ తనలో తాను ఒక ఒప్పందం చేసుకుంది. రంగస్థలం మీద చేతులు జోడిస్తుంది, అడగదు. ఆ పాట వచ్చినప్పుడు మనసుని తలుపేసినట్టు వేసేసి, వాద్యబృందాన్ని నడిపే పెద్దాయన చేతిలోని పుల్ల మీద చూపు నిలిపి, తాళం లెక్కపెట్టుకుంటూ పాడేది. గొంతు పలికేది, జనం చప్పట్లు కొట్టేవారు. దేవుడితో పేచీ లేదు. ఎవరూ కనిపెట్టలేదనే అనుకుంది.

ఈ ఏడాది పాత నాటకాన్ని మళ్లీ కొత్తగా కట్టడానికి ఒక దర్శకురాలు వచ్చింది. వయసు ముప్పై దాటి ఉంటుంది. జుట్టుని పైకి చుట్టి పెద్ద క్లిప్పు పెట్టుకుని, ఎప్పుడూ నేల మీదే కూర్చునేది. ఎవరు ఏం చేసినా "ఎందుకు?" అని అడగడం ఆమె అలవాటు. చేయి ఎందుకెత్తారు? ఇటెందుకు తిరిగారు? ఆ నవ్వెందుకు? రెండు రోజులు తిరక్కుండానే ఆమెకి ఎందుకమ్మ అని పేరు పడిపోయింది.

రిహార్సల్ గది పొడుగాటిది. ఒక గోడంతా అద్దం, నేల మీద ఏటి ఒడ్డుకి నీలం టేపు, ఇంటి గోడలకి ఎర్ర టేపు. తలుపు బదులు రెండు కుర్చీలు. అందరమ్మ వాటి మధ్య మోకరిల్లి, రిహార్సల్లో గొంతు అలవకుండా అందరూ చేసినట్టే, సగం గొంతుతో పాట పూర్తి చేసింది.

దర్శకురాలు గడ్డం కింద చేయి పెట్టుకుని చివరిదాకా వింది. తర్వాత, "అక్కా, ఒక్కసారి రాగం లేకుండా చెప్తారా?" అంది.

"ఏం చెప్పను మేడం?"

"ఆ పాటే. పక్కింటావిడతో చెప్పుకున్నట్టు, ఊరికే మాటల్లా."

అందరమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. నీళ్లు అన్నది గుర్తుంది, తర్వాతేమిటి? ఏళ్ల తరబడి పాడిన పాట. మాటలన్నీ రాగానికి పూసల్లా గుచ్చుకుని ఉన్నాయి. దారం లాగేసరికి ఒక్కటీ చేతికి దొరకలేదు. చివరికి పెదవులు బిగించి లోపల్లోపల కూనిరాగం తీస్తే గాని రెండో ముక్క బయటికి రాలేదు. పియానో వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు.

"మా అమ్మకి రాగం లేకపోతే ఉప్పు పేరు కూడా గుర్తురాదు" అన్నాడు కొడుకు వేషం ఆయన.

"నువ్వూరుకోరా ముసలాడా" అంది అందరమ్మ. గది గొల్లుమంది. దర్శకురాలు కూడా నవ్వింది గానీ వదల్లేదు.

"తలుపు తెరిచే ఉంచానని మూడుసార్లు ఎందుకంటోంది ఆవిడ?"

"కాగితం మీద మూడుసార్లు ఉంది కదా."

పుల్ల పట్టే పెద్దాయనని అందరూ పుల్లయ్యగారంటారు. ఆయన అందరమ్మ తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు. "రెండుసార్లయితే నడక కుంటుతుందమ్మా. తాళం సరిపోవద్దూ?"

"అది మీ కారణం సార్. కొడుకు ఏట్లో ఉంటే ఆవిడకి తాళంతో పనేముంది?" అంది దర్శకురాలు. తర్వాత అందరమ్మ వైపు జరిగి, గొంతు తగ్గించి, "ఏమీ అనుకోకండక్కా. మీ గొంతు బంగారం. కానీ మీరు దండం పెట్టేది దేవుడికి కాదు. పుల్లయ్యగారికి" అంది.

పుల్లయ్యగారు పుల్లెత్తి, "చల్లగా ఉండు తల్లీ" అని దీవించాడు. మళ్లీ అందరూ నవ్వారు. అందరమ్మ కూడా నవ్వింది కానీ చెవులు వేడెక్కాయి. దాచుకున్న వస్తువుని ఎవరో నలుగురిలో బయటికి తీసి చూపించినట్టుంది.

గది ఖాళీ అయ్యాక దర్శకురాలు అసలు సంగతి చెప్పింది. ఆట నిడివి ఎక్కువగా ఉందని, ఆఖరి బస్సుకి జనం మధ్యలోనే లేచి వెళ్లిపోతారని మేనేజరు గొడవ పెడుతున్నాడు. ఎక్కడో ఒక పాట తీసేయాలి. "ఈ పాట దగ్గర కథ ఆగిపోతోందక్కా. కథ ఆగినా పర్లేదు, మనిషి కనిపిస్తే. పూర్తి రిహార్సల్ దాకా చూద్దాం. అప్పటికీ ఇలాగే ఉంటే తీసేద్దాం."

అందరమ్మ తలాడించింది. ఆ పాట పోతే ఈ నాటకంలో ఆమెకి మిగిలేది మొదటి అంకంలో అన్నం వడ్డించడం, మూడో అంకంలో తర్వాత దొరికిన కొడుకు శవం మీద పడటం. ఈ వయసులో కొత్త పాటలెవరూ రాసివ్వరు.

దుస్తుల గదిలో ఇస్త్రీ బల్ల పక్కన అత్తయ్య కూర్చుని ఉంది. ఆవిడ ప్రాంప్టరు. రంగస్థలం ముందంచున, జనానికి కనబడని చిన్న గూట్లో పుస్తకం పెట్టుకుని కూర్చుని, పాడేవాళ్లు మరిచిపోతే మాట అందిస్తుంది. ఎవరికి అత్తయ్యో ఎవరికీ తెలియదు గానీ మేనేజరు దగ్గర నుంచి అందరికీ అత్తయ్యే. గూట్లో కూర్చుని కూర్చుని ఆవిడ నడుం వంగిపోయింది. ఈ ఏడాదితో మానేస్తానని అంటోంది. పుస్తకంలో అక్షరాలు పెద్దవిగా రాయించుకుంది.

"ఏమే, మొహం అలా వేలాడేశావు? నా బాకీ తీర్చాల్సొస్తుందని బెంగా?" అంది అత్తయ్య.

అది వాళ్లిద్దరి మధ్య పాత హాస్యం. అందరమ్మ మొట్టమొదట ఈ పాట పాడిన రోజున, వాద్యాలు మొదలయ్యాక ఆమె బుర్ర కడిగిన పలకైపోయింది. అప్పుడు గూట్లోంచి "నీ" అని వినిపించింది, అంతే. అత్తయ్య ఎప్పుడూ మాట మొత్తం చెప్పదు. మొదటి అక్షరం, అదీ పాడేవాళ్లు ఊపిరి తీసుకునేలోపు, వాళ్లకే గుర్తొచ్చిందనిపించేలా. ఆట అయ్యాక అందరమ్మ వెళ్లి రెండు చేతులూ పట్టుకుంటే, "ఊరికే ఇవ్వలేదు, అప్పిచ్చాను. ఒక మాట బాకీ ఉన్నావు, గుర్తుపెట్టుకో" అంది. అప్పటి నుంచి ఎప్పుడు ఎదురుపడినా ఆ ఎత్తిపొడుపు తప్పదు. పాటలన్నీ ఆవిడకి కంఠతా. ఆవిడకి మాట అందించే అవసరం ఎవరికి వస్తుంది?

అందరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. జరిగింది చెప్పింది. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. కూతురి జ్వరం, తన ఒప్పందం, అన్నీ వచ్చేశాయి. "నువ్వు చెప్పు అత్తయ్యా. అక్కడ పెట్టిన దండం చేరుతుందంటావా?"

అత్తయ్య మడతపెడుతున్న తువ్వాలు ఒళ్లో పెట్టుకుని ఆలోచించింది. "నాకేం తెలుసే. గూట్లోంచి పైకి చూస్తే నాకు కనిపించేవి మీ గడ్డాలు. దేవుడు కనిపించడు."

ఇద్దరూ కాసేపు నవ్వుకున్నారు.

"ఒకటి మాత్రం చెప్తాను" అంది అత్తయ్య. "మిగతావాళ్లు ఊపిరి తీసుకుంటుంటే నేను గుండె చేత్తో పట్టుకుని కూర్చుంటాను, ఏమంటారో, అసలంటారో లేదో అని. ఆ పాటలో నువ్వు తీసుకుంటుంటే మాత్రం నాకే భయమూ ఉండదు. గడియారం కొట్టినట్టొస్తుంది. ఇంత ధీమాగా దేవుణ్ని అడిగే మనిషి ఉంటుందా అనుకుంటాను. ఉంటే ఉండొచ్చులే, నాకెందుకు అని పుస్తకం తిప్పేస్తాను."

మరునాడు దర్శకురాలు ఆమెని చిన్న గదికి పిలిచింది. అక్కడ ఒక పాత పియానో, దాన్ని వాయించే కుర్రది, ఒక కిటికీ ఉన్నాయి. అందరమ్మ ఈసారి ముందే చెప్పేసింది. "మీరు కనిపెట్టింది నిజమే మేడం. నేను అడగటం లేదు. కావాలనే అడగటం లేదు." ఎందుకో కూడా చెప్పింది.

దర్శకురాలు నవ్వలేదు. నేల మీద కూర్చుని ఆమె పాటల పుస్తకం తీసుకుంది. జుట్టుకున్న క్లిప్పు ఊడదీసి, మూడో అంకం కాగితాలన్నీ కలిపి దానితో బిగించేసింది. జుట్టు భుజాల మీద పడింది.

"దేవుడి సంగతి నాకు అంతగా తెలీదక్కా. ఆవిడ సంగతి కొంచెం తెలుసు. ఆవిడకి ఈ కాగితాలు తెలీవు. రెండో అంకంలో కూర్చుంది, వాన పడుతోంది, వాడొస్తే రావచ్చు. మూడో అంకం తెలిసింది మీకు. మీకు తెలిసిన బరువుని తీసుకెళ్లి ఆవిడ నెత్తిన పెడుతున్నారు."

"నాకు తెలిసే ఉంది కదా అమ్మాయ్. తెలిసి అడిగితే అది దొంగదండం కాదూ?"

"అడిగేది ఆవిడ. మీ పని ఆవిడకి అడ్డం తప్పుకోవడం."

అందరమ్మ ఒప్పుకోలేదు. అడ్డం తప్పుకుంటే మోకాళ్లు ఎవరివి, చేతులు ఎవరివి? అయినా బిగించిన ఆ కాగితాల వైపే చూపు పోయింది. ఇంట్లో తాను అడిగేవాటికి కూడా మూడో అంకం ఎక్కడో రాసే ఉంటుందేమో. కూతురికి జ్వరం వచ్చినప్పుడు కూడా రాసే ఉండి ఉంటుంది. ఆ కాగితాలు తన చేతిలో లేవు కాబట్టి అడిగింది. ఉండి ఉంటే అడిగేదా? పియానో అమ్మాయి గోళ్లు చూసుకుంటోంది.

"పాడదాం" అంది అందరమ్మ.

మొదటిసారి ఘోరంగా వచ్చింది. ఏళ్లుగా వేసి ఉంచిన తలుపు తీసేసరికి ఆసుపత్రి గది, కూతురి ఎండిన పెదవులు, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వాడి భుజం చిన్నది అన్న చోట స్వరం చిట్లి రెండు ముక్కలైంది. పియానో ఆగింది.

"అందుకే నేను..." అంటూ అందరమ్మ కళ్లు తుడుచుకుంది.

"మీ అమ్మాయిని ఇంట్లో ఉంచి రండక్కా" అంది దర్శకురాలు మెల్లగా. "పడవవాడి ఇంట్లో ఆ అమ్మాయికి పని లేదు. ఇంకో సంగతి, ఏడవొద్దు. ఆవిడ ఏడవడానికి కూర్చోలేదు, అడగడానికి కూర్చుంది. మీరు ఏడిస్తే జనం మిమ్మల్ని చూస్తారు. అడిగితే తలుపు వైపు చూస్తారు."

ఆ మాట అందరమ్మకి నచ్చింది. ఏడిస్తే గొంతు మూసుకుంటుంది; అడగాలంటే గొంతు తెరుచుకోవాలి. దేవుడి సంగతి ఎలా ఉన్నా పాటగత్తెగా అది ఆమెకి తెలిసిన నిజం.

అప్పటి నుంచి పని నడిచింది. దర్శకురాలు ఎక్కణ్నుంచో ఒక మగవాడి చొక్కా తెచ్చి చేతిలో పెట్టింది. "చేతులు జోడించక్కర్లేదు. వాడి చొక్కా మడత పెట్టండి. పని చేసుకుంటూ అడిగే తల్లులే ఎక్కువ." పుల్లయ్యగారిని కళ్లతో కాకుండా చెవులతో పట్టుకోమంది, మరీ తప్పకపోతే రంగస్థలం పక్కన ఆయన కనిపించే చిన్న టీవీ ఉంది, కొనకంటితో చూస్తే చాలంది. అన్నిటికన్నా కష్టమైంది ఊపిరి. "తాళం వచ్చిందని తీసుకోకండి. ఆ మాట అనకపోతే కుదరదనిపించాక తీసుకోండి." నేర్చుకున్న రోజు నుంచీ ఊపిరిని లెక్కపెట్టుకుని దాచుకునే మనిషిని దాన్ని మరిచిపోమంటే మాటలా? ఒక్కో వాక్యానికీ ఆలస్యమైపోయేది. పియానో అమ్మాయి వాయించిందే వాయించి వాయించి, "ఆంటీ, నాకు ముసలితనం వచ్చేస్తోంది" అంది.

పూర్తి రిహార్సల్ దగ్గరపడేసరికి మొదటి మాటలు మాటల్లా వచ్చాయి. రాగం లేకుండా చెప్పమంటే ఇప్పుడు చెప్పగలదు, బస్సులో పక్కన కూర్చున్నావిడ ఉలిక్కిపడేలా ఒకసారి చెప్పింది కూడా. కానీ చివర మూడుసార్లు మాత్రం లొంగలేదు. మొదటిసారి దేవుడికి చెబుతోంది, సరే. వినపడలేదేమోనని రెండోసారి, అదీ సరే. మూడోసారి ఎందుకు? గట్టిగా పాడి చూసింది, మెల్లగా పాడి చూసింది. రెండూ అద్దెకి తెచ్చుకున్న బట్టల్లాగే ఉన్నాయి.

పూర్తి రిహార్సల్ రోజు పొద్దున భార్యాభర్తలిద్దరూ కలిసే బయల్దేరారు. ఆయనకి కళ్లజోళ్ల దుకాణం ఉంది. బస్టాపు దాకా దారి ఒకటే. అందరమ్మ తాళం వేసింది. మెట్లు దిగింది. వీధి మలుపు దాకా వెళ్లి ఆగింది.

"వేశావు" అన్నాడు ఆయన, అడక్కుండానే.

"వేశానండీ. వేశాను."

"మరి నడు."

రెండడుగులు వేసింది. "వేశాను కదూ?" అంటూ గిరుక్కున వెనక్కి తిరిగి, మెట్లెక్కి, తాళాన్ని చేత్తో పట్టుకుని లాగి చూసి వచ్చింది. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు.

"నేను వేశావంటే నమ్మవు సరే, నువ్వే వేశానంటే కూడా నమ్మవేంటి? ఆ తాళం పాపం నీ చేతుల్లో నలిగి నలిగే అరిగిపోతోంది."

"బస్సొస్తోంది నడవండి" అంది అందరమ్మ. బస్సు కిటికీ పక్కన కూర్చున్నాక కూడా అరచేతిలో తాళం చల్లదనం ఇంకా ఉంది.

ఆ మధ్యాహ్నం నాటకశాలలో దీపాలు, దుస్తులు, వాద్యాలు, అన్నీ అసలు ఆటకి ఉన్నట్టే ఉన్నాయి. రెండు కుర్చీల బదులు నిజం తలుపు నిలబెట్టారు. ఖాళీ కుర్చీల మధ్య మేనేజరు చేతిగడియారం విప్పి మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. దర్శకురాలు కుర్చీల వరసల మధ్య నేల మీద కూర్చుంది.

అందరమ్మ తడి చొక్కా పిండి, విదిలించి, ఒళ్లో పరుచుకుంది. నీళ్లు పెరుగుతున్నాయి దేవా. మాట ముందు వచ్చింది, దాని వెనక రాగం వచ్చింది. చొక్కా చేతులు లోపలికి మడిచింది. వాడి భుజం చిన్నది అన్నప్పుడు చూపు చొక్కా భుజం మీద ఆగింది. తలుపు తెరిచే ఉంచాను. ఎవరూ పలకలేదు. తలుపు తెరిచే ఉంచాను. మడత పూర్తయిన చొక్కా ఆమె రెండు అరచేతుల మధ్య ఉండిపోయింది. చూసేవాళ్లకి అది దండంలాగే కనిపించింది, ఆమె గమనించలేదు.

రెండోసారికీ మూడోసారికీ మధ్య పాట రాసినాయన ఒక చిన్న నిశ్శబ్దం పెట్టాడు. ఎప్పుడూ దాన్ని ఇలా ముట్టుకుని అలా దాటేసేవారు. ఇవాళ ఆమెకి ఊపిరి రాలేదు. అనకపోతే కుదరదని ఇంకా అనిపించలేదు. పుల్లయ్యగారి పుల్ల గాల్లో ఆగింది. వయొలిన్ల వాళ్లు కమానులెత్తి పట్టుకుని తలలు తిప్పి చూశారు. నిశ్శబ్దం సాగింది.

గూట్లోంచి, గాలి కదిలినట్టు, "త" అని వినిపించింది.

అందరమ్మ తల చప్పున తలుపు వైపు తిరిగింది. ఎవరో వచ్చారు. లేచింది. చొక్కా పట్టుకునే నాలుగడుగులు వేసి, తలుపు రెక్క మీద అరచెయ్యి ఆనించి నెట్టి చూసింది. తెరిచే ఉంది. తాను తెరిచిన తలుపే, తాను రెండుసార్లు చెప్పిన తలుపే. అయినా చెయ్యి పెట్టి చూడాల్సి వచ్చింది. అప్పుడు వచ్చింది ఊపిరి. జనానికి సగం వీపు పెట్టి, దేవుడితోనూ కాదు, కొడుకుతోనూ కాదు, తనకే వినపడాలన్నట్టు తక్కువ గొంతుతో మూడోసారి అంది. పుల్లయ్యగారు ఆమె భుజాలు లేవడం చూసి, ఆ కదలిక పట్టుకుని పుల్ల దించాడు. ఇన్నేళ్లలో ఆ పాటలో ఆయన ఆమె వెనక నడవడం అదే మొదలు.

దీపం ఆరింది.

"ఇప్పుడు ఎంత తగ్గింది?" అన్నాడు మేనేజరు చీకట్లోంచి.

"తగ్గలేదు సార్. కొంచెం పెరిగింది" అంది దర్శకురాలు.

ఆయన గడియారం చేతికి పెట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. "అయితే విరామం కుదించండి. ఎలాగూ క్యాంటీన్లో టీ బాగుండదు."

దర్శకురాలు రంగస్థలం దగ్గరికి వచ్చి పైకి చూసింది. "అక్కా, తలుపు దగ్గరికి ఎందుకెళ్లారు?"

"తెరిచి ఉందో లేదో చూద్దామని."

"మీరే తెరిచారు కదా."

"మా ఆయన కూడా అదే అంటాడు" అంది అందరమ్మ.

అత్తయ్యని గూట్లోంచి చెయ్యి పట్టుకుని పైకి లాగాల్సి వచ్చింది. ఆవిడ మొహం పాలిపోయి ఉంది. "మరిచావనుకున్నానే. అక్కర్లేని చోట మాట ఇచ్చాను. ఎప్పుడూ ఇవ్వలేదు అలా."

"నాకు అక్కరకొచ్చింది అత్తయ్యా. ఎవరో వచ్చారనుకున్నాను. అది వినపడకపోతే లేచేదాన్నే కాదు."

"నిజంగా?" అత్తయ్య ఆమె కళ్లల్లోకి చూసింది. తర్వాత పాత ఎత్తిపొడుపు తెచ్చుకోబోయింది. "అయితే బాకీ రెండయింది." అంది గానీ పుస్తకం తెరిచి ఆ పాట ఉన్న పేజీ మళ్లీ వెతుక్కుంది.

ఆ పూట నిద్రపోయేముందు అందరమ్మ ఎప్పటిలాగే మంచం పక్కన కూర్చుని ఒక్కొక్కరి పేరూ తలుచుకుంది. కూతురు, అల్లుడు, భర్త కళ్లు, అత్తయ్య నడుం. ఆ వరసలో చప్పుడు చేయకుండా పడవవాడు కూడా వచ్చి నిలబడ్డాడు. తీసేద్దామనుకుంది. తీసేయాలనిపించలేదు. వాడి మాట పైకి చేరుతుందో లేదో ఆమెకి ఇప్పటికీ తెలియదు. చేరినా పొరపాటు పడే వినికిడి కాదేమో అది, అని మాత్రం మొదటిసారిగా అనిపించింది.

మొదటి ఆట రోజు వచ్చింది. తెర లేచేముందు అందరూ తెర వెనక గుండ్రంగా నిలబడి చేతులు పట్టుకోవడం ఆ బృందానికి అలవాటు. నమ్మినవాళ్లు, నమ్మనివాళ్లు, తాళ్లు లాగేవాళ్లు, అందరూ నిలబడతారు. అత్తయ్య నాలుగు మాటలు చెబుతుంది. అవి ఏనాడూ మారలేదు. ఆ తర్వాతే ఆవిడ గూట్లోకి దిగుతుంది.

అందరమ్మ అత్తయ్య ఎడమ చేయి పట్టుకుంది. అవతలి పక్కన దర్శకురాలు. తెరకి అటువైపు జనం కుర్చీల్లో సర్దుకుంటున్న గలగల వినిపిస్తోంది. అందరూ కళ్లు మూసుకున్నారు.

"తండ్రీ, ఈ పూట మా గొంతులు నీవి, మా కాళ్లు నీవి. దీపాలు చూసేవాళ్లనీ తాళ్లు పట్టేవాళ్లనీ చల్లగా చూడు. వచ్చినవాళ్లని..."

ఆగింది.

మొదట ఎవరూ గమనించలేదు. అత్తయ్య వేళ్లు అందరమ్మ చేతిలో ఒక్కసారి బిగుసుకున్నాయి, చీకట్లో మెట్టు కోసం కాలు తడుముకున్నట్టు. ఆవిడ ఊపిరి తీసుకోబోతోంది. ఆ ఊపిరి చివర మాట లేదు. అందరమ్మ కళ్లు తెరవలేదు, తల తిప్పలేదు. పెదవులు కదిలీ కదలకుండా, ఆ ఊపిరి నిండేలోపు, "ఖా" అంది.

"...ఖాళీ చేతులతో పంపకు" అంది అత్తయ్య. "తడబడితే పట్టుకో."

అందరూ కళ్లు తెరిచారు. చేతులు వదులుకున్నారు. కొడుకు వేషం ఆయన మోకాలు నొక్కుకుంటూ తన చోటికి వెళ్లాడు. అత్తయ్య మాత్రం కాసేపు చెయ్యి వదల్లేదు.

"ఒకటి ముట్టింది" అంది. ఒక మెట్టు దిగి, మళ్లీ తలెత్తి చూసింది. "రెండోది నేను పొరపాటున ఇచ్చింది, నువ్వే వాడుకున్నావులే. అది లెక్కలోకి రాదు."

పుస్తకం చంకలో పెట్టుకుని మెల్లగా గూట్లోకి దిగింది.